తుమ్మితే కూర్చునే ఉడుము

చిట్టా 1

నేల అడుగున మూడో బొగ్గుబాయి బస్తీలో నివసించు సకల జనులకు, అందులోనూ బడి యంత్రాల జట్టు పిల్లలకు ఇందుమూలముగా చాటించునది ఏమనగా: జట్టు గదిలో నాలుగు కాళ్ళూ సరిగా ఉన్న ఒకే ఒక్క స్టూలు నేటి నుంచి ఐలవ్వది, అనగా నాది. మూడు కాళ్ళవి మిగతావారు పంచుకోవలెను. చాయ్ వచ్చినప్పుడు మొదటి గ్లాసు వయసుకు, రెండోది చదువుకు చెల్లును. వయసు నా దగ్గరా, చదువు వాళ్ళ దగ్గరా ఉన్నందున తగవుకు తావు లేదు. మరలు ఏరే అయస్కాంతాన్ని నా కమ్మల దగ్గరికి తెచ్చినవారు దండనకు పాత్రులు. కమ్మలు దానికి టక్కున అంటుకోవడం వల్ల అవి బంగారం కావన్న రహస్యం ఇప్పటికే బట్టబయలైనది.

ఈ చాటింపును మా కెప్టెన్ రవళి గదిలో అంటించనివ్వలేదు. అందుకే ఇక్కడికెక్కించాను. జట్టులో చేరినవాళ్ళు చిట్టా రాయాలట. రాసిన కాగితాన్ని మాటగొట్టాల పక్కనున్న గోడకు గుచ్చాలట. బస్తీ అంతా చదువుకుంటుందట. చదువుకోండి.

నలభై ఏడేళ్ళ ఆడదానికి బడేమిటని నవ్వేవాళ్ళ కోసం ఒక ముక్క. పైన ఎండ తగ్గే రెండు నెలల్లో బాయి మెట్లెక్కి పైకి పోయి రావాలంటే పైచీటీ కావాలి. పది పాసైనవాళ్ళకే పైచీటీ అని ఈ ఏడు కొత్తగా పెట్టారు. నాకూ బడికీ ఏడో తరగతిలోనే చెడింది. ఆకాశం చూడకుండా చచ్చిపోవడం ఇష్టం లేక మళ్ళీ పలక పట్టాను. పదో తరగతివాళ్ళు ఏదో ఒక జట్టులో ఉండి తీరాలి. పాటల జట్టులో చేరితే, ప్రార్థనలో మాటలు మార్చానని మూడో నాడే సాగనంపారు. పుట్టగొడుగుల జట్టుకు మా అక్క లస్మవ్వ పెద్ద. పుట్టిల్లు వదిలిన నాడే ఆమె కింద పని చేయనని ఒట్టు వేసుకున్నాను. మిగిలింది యంత్రాలు. యంత్రం తిరిగి తిట్టదు కదా అని చేరాను.

చిట్టా 2

రవళికి పదిహేడేళ్ళు. నవ్వు అనే పదార్థం ఆ పిల్ల ఇంట్లో దొరకదు. జాంగీర్ ఆమెకంటే చిన్నవాడు. చక్రాలు, పట్టీలు, మోటార్లు అన్నీ వాడివే. జట్టంటే వీళ్ళిద్దరూ, పాఠం చెప్పే ఓదెలు సారూ, నిన్నటి నుంచి నేనూ.

"అత్తా, ఇది ఉడుము," అని రవళి చూపించింది. పొట్ట నేలకు రాసుకునేంత పొట్టిగా, మూరెడు పొడుగున ఉంది. కాళ్ళ చోట రబ్బరు పట్టీలు, నెత్తిన ఒక దీపం, ముందర కెమెరా కన్ను, వెనక కొక్కెం.

"గోడ పాకుతదా బిడ్డా?"

"పాకది. తూములల్ల పోతది. మనిషి పట్టని సందులకెల్లి తాడు గుంజుకపోవాలె. నాలుగు బాయిల పోటీల మనకచ్చిన పని గదే."

"మా ఆయన గిట్లనే ఉండెటోడు. పొట్ట నేలకు, తోక నా చేతికి."

జాంగీర్ ఫక్కుమన్నాడు. రవళి మాత్రం నా ముందు పలక పెట్టి, యంత్రానికి పని చెప్పే భాష మొదలుపెట్టింది. 'ఒకవేళ' అని ఒకటి, 'లేకపోతే' అని ఒకటి. ఒకవేళ ముందర గోడ ఉంటే ఆగు, లేకపోతే నడువు. అంతే.

"ఇది మా అత్త భాషనే," అన్నాను. "ఒకవేళ అన్నం మిగిల్తే కోడల్ని తిట్టు. లేకపోతే కోడల్ని తిట్టు."

రవళి కాసేపు నిజంగానే ఆలోచించింది. "రెండు దిక్కుల అదే ఉంటే ఇగ 'ఒకవేళ' ఎందుకు అత్తా? తీసెయ్యి," అంది.

ఇరవై ఏళ్ళ కాపురంలో నాకు తట్టని ప్రశ్న అది.

సాయంత్రానికి ఉడుము నెత్తి మీది దీపాన్ని వెలిగించి ఆర్పడం నేర్చుకున్నాను. వెలుగు, ఆరు, వెలుగు, ఆరు. నా చేత్తో రాసిన నాలుగు మాటలకు ఒక ఇనుప ముద్ద కన్నుకొట్టింది. ఎవరికీ చెప్పలేదు గానీ, ఇంటికి పోయేటప్పుడు దారి పొడుగునా నాలో నేనే నవ్వుకున్నాను.

చిట్టా 4

మూడు లేదు. ఆ రోజు బడి ఎగ్గొట్టాను.

ఇవాళ 'మళ్ళీ మళ్ళీ' అనే మాట చెప్పారు. ఒకసారి చెబితే చాలు, చేసిందే చేస్తూ ఉంటుంది. ఓదెలు సార్ నల్లబల్ల వైపు తిరిగి దాన్నే వివరిస్తుంటే, నేను ఉడుమును సార్ చుట్టూ తిరగమని రాసి, దాని తోకకు తాడు కట్టి వదిలాను. సార్ ఇటు తిరిగేసరికి మోకాళ్ళ దాకా చుట్టుకుంది.

ఓదెలు సార్ అబద్ధం ఆడని, గొంతు పెంచని, పరాచకం అర్థం కాని మనిషి. కట్లతోనే నిలబడి అడిగాడు.

"ఐలవ్వగారూ, ఇందుల తప్పేందో మీకు తెలిసిందా?"

"తెలిసింది సార్. తాడు పొట్టిగున్నది."

"కాదు. ఎక్కడ ఆగాల్నో మీరు రాయలేదు. మొదలు ఆగుడు రాయాలె, తర్వాత నడుసుడు రాయాలె."

కట్లు విప్పుతూ రవళి, "ఆగుడు అంటే మా అత్తకు పుట్టుకతోనే తెల్వది సార్," అంది. ఆ పిల్ల ముఖంలో నవ్వు లాంటిదొకటి రాబోయి, దారి తెలియక వెనక్కి పోయింది. రేపు మళ్ళీ ప్రయత్నిస్తాను.

చిట్టా 5

బండ పడింది.

వేడినీళ్ళ తొట్టి దగ్గర బట్టలు పిండుతున్నాను. చప్పుడు చెవికి రాలేదు, అరికాళ్ళకు వచ్చింది. తొట్టిలో నీళ్ళు ఒక పక్కకు ఒరిగి, మళ్ళీ సర్దుకున్నాయి. తరవాత దుమ్ము.

పుట్టగొడుగుల మడులకు పోయే తూర్పు దారి నిండా రాయి. గాలి గొట్టం దాని కింద నలిగిపోయింది. లోపల పదకొండు మంది ఉన్నారు. వాళ్ళలో మా అక్క లస్మవ్వ ఉంది. పోచవ్వ కొడుకు సంపత్, లాంతర్లు తుడిచే భూమయ్య తాత ఉన్నారు. మిగతావాళ్ళ ఇళ్ళవాళ్ళంతా ఈ గోడ దగ్గరే కూర్చున్నారు. పేర్లు రాసి వాళ్ళను ఇంకా ఏడిపించను.

మాటగొట్టం ఒక్కటే బతికింది. అది వేలు లావు రాగి గొట్టం. దాంట్లోంచి మాట పోతుంది గానీ గాలి పోదు. జాంగీర్ తిత్తి పెట్టి ఊదాడు. అవతల పెట్టిన దీపం రెప్ప కూడా వేయలేదని అక్క చెప్పింది. ఊదుతున్నంతసేపూ మాట ఆగిపోతుంది, మాట ఆగితే లోపల అరుపులు. మానేశాం.

తవ్వేవాళ్ళు రాయిని చూసి వారం అన్నారు. ఓదెలు సార్ లోపలి జాగా ఎంతో, మనుషులెందరో అడిగి పలక మీద లెక్క వేశాడు. వేసి, ఎవరికీ చూపించకుండా చేత్తో తుడిచేశాడు. తుడిచినప్పుడే నాకు అర్థమైంది.

"కదలకుంట, మాట్లాడకుంట పండుకుంటే గాలి రెట్టింపు సేపు అస్తది," అన్నాడు. "దుంకులాడితే సగం కూడ రాదు."

గొట్టానికి నోరు పెట్టి అదే చెప్పాను.

"ఎవలు పండుకుంటరే ఐలీ," అంది అక్క. గొంతు గీరుకుపోయింది. "ఒకడు పారతోని బండను గుద్దుతుండు. ఒకామె శోకాలు వెడుతున్నది. గీ సంపత్ గాడు అటురికి ఇటురుకుతుండు. నేను మొత్తుకుంటున్న, ఎవ్వలు ఇంటలేరు."

"నువ్వు మొత్తుకునుడు బంజెయ్ అక్కా. నువ్వే మస్తు గాలి తాగుతవు."

"నీ నోట్లె మన్నువడ," అని, ఆమె కూడా ఏడ్చింది. మా అక్క ఏడవడం నేనెప్పుడూ వినలేదు.

రాయి కింద పాత మురుగు తూము ఒకటి ఉంది. కుక్క కూడా పట్టనంత సన్నం. రవళి దాన్ని ఒంగి చూసింది, లేచి ఉడుమును చూసింది. తాడు బదులు గాలి గొట్టం కట్టి పంపాలంటోంది. పోటీలో తాడు బరువు వేరు, ఈ గొట్టం బరువు వేరు. జాంగీర్ ఏదో అనబోయి రవళి ముఖం చూసి ఊరుకున్నాడు.

చిట్టా 6

ఉడుము తూములోకి దిగింది. వెనక గాలి గొట్టం, దాంతో పాటు తీగ. తీగ ఈ చివర రవళి ఒళ్ళో తెర. తెర మీద బురద, బురద మీద ఉడుము దీపం వెలుగు.

కొంత దూరం బాగానే పోయింది. తరవాత ఆగింది. చాలాసేపు కదల్లేదు. మళ్ళీ తనే లేచి నడిచింది. మళ్ళీ కూర్చుంది.

లోపల మొత్తుకోవడం తగ్గలేదు. "అస్తున్నదా, అస్తున్నదా," అని అందరూ మాటగొట్టం మీద పడుతున్నారు. పార చప్పుడు ఇక్కడికి వినిపిస్తోంది.

ఇక్కడొక సంగతి రాయాలి. ఇంతకుముందు రాయలేదు.

మొన్న, ఎవరూ లేనప్పుడు, ఉడుముకు నా సొంతంగా ఒక నియమం రాసి పెట్టాను. మన ఇళ్ళల్లో ఎవరైనా బయటికి అడుగు పెడుతుంటే తుమ్ము వినపడిందనుకోండి, ఏం చేస్తాం? వెనక్కి వచ్చి కూర్చుని, గ్లాసెడు నీళ్ళు తాగి, అప్పుడు పోతాం. ఉడుముకూ అదే నేర్పాను. తుమ్ము వినపడితే కూర్చో, కాసేపాగి లేచి నడువు. పోటీ రోజున పెద్దల ముందర ఎవరో ఒకరు తుమ్ముతారు, ఉడుము బుద్ధిగా కూర్చుంటుంది, అందరూ నవ్వుతారని. బయలుదేరేటప్పుడు మాత్రమే అని రాయడం మరిచిపోయాను. 'కాసేపు' ఎంతో రాసేచోట క్షణాలకు బదులు నిమిషాలు పెట్టాను. కొత్తగా నేర్చినదాన్ని. లోపల అందరూ దుమ్ములో కూర్చుని తుమ్ముతున్నారు. ఆ తుమ్ములు తూములోంచి వినపడి ఉడుము దారిలో కూర్చుంటోంది.

ఇది నేను గోడ దగ్గర అందరి ముందరా చెప్పాను. రవళి లేచి నిలబడింది.

"బతుకంత పరాచకాలేనా అత్తా నీకు? లోపట మనుషులున్నరు."

"తీసెయ్యి బిడ్డా ఆ నియమం."

"ఎట్ల తీయాలె? అది తూముల ఉన్నది. పొట్ట ఇప్పితే గాని తీయస్తదా? ఎనుకకు గుంజితే గొట్టం ఇరుకుతది."

జాంగీర్ చేతిలో ఉన్న పానాను గోడకేసి కొట్టాడు. ఓదెలు సార్ లేచి జట్టు గదిలోకి పోయి తలుపు వేసుకున్నాడు. పోచవ్వ నా వైపు నడిచి వచ్చి, కొడుతుందనుకుంటే, కాళ్ళ దగ్గర ఉమ్మి వెళ్ళింది.

మాటగొట్టం దగ్గర కూర్చున్నాను.

"అక్కా, లోపట ఎవలన్న తుమ్ముతున్నరా?"

"దుమ్ముల కూసున్నం. తుమ్మక నవ్వుతమా?"

చెప్పాను. మా అక్క నాకు పుట్టిన నాటి నుంచి దాచుకున్నవన్నీ తిట్టింది. ఆమె ఆగితే ఇంకొకరు అందుకున్నారు. నా వంశం, నా మొగుని వంశం, నా కమ్మలు ఏదీ వదల్లేదు. చివరికి భూమయ్య తాత గొంతు వచ్చింది. ఆయన తిట్టలేదు.

"ఇప్పుడు మేం ఏం జెయ్యాల్నో చెప్పు బిడ్డా."

"దుమ్ము లేవద్దు తాతా. పార పక్కకు పెట్టమను. ఎవ్వలు లేవద్దు, నడవద్దు. గోడకు ఒరిగి కూసుండి, ముక్కుకు తడిగుడ్డ కట్టుకోమను. మెల్లగ ఊపిరి తీయమను. గట్టిగ పీలిస్తే దుమ్ము పోయి తుమ్మస్తది. మాట్లాడితే గూడ అస్తది."

"అంతేనా?"

"పక్కోని ముక్కు పక్కోడు సూసుకోవాలె."

పార చప్పుడు ఆగిపోయింది. శోకాలు ఆగిపోయాయి. గొట్టానికి చెవి పెడితే ఏమీ వినపడలేదు. నాకు ఆ నిశ్శబ్దం ఆ రోజు తిన్న ఒకే ఒక్క ముద్ద.

చిట్టా 7

నిన్నటి కాగితం గోడకు గుచ్చగానే పోచవ్వ దాన్ని గొట్టంలో మొదటి నుంచి చివరి దాకా చదివి వినిపించింది. కొడుకు వినాలని. లోపల నన్ను మళ్ళీ తిట్టుకున్నారట. గుడ్డలు మాత్రం ఎవరూ విప్పలేదట.

ఉడుము నడుస్తోంది, కూర్చుంటోంది. కూర్చున్నప్పుడల్లా నేను గొట్టంలో అడగాలి.

"ఎవలు తుమ్మిన్రు?"

"ఎవ్వలు తుమ్మలే."

"ఉడుము కూసున్నది అక్కా. ఎవలో తుమ్మిన్రు."

అటువైపు గుసగుసలు. ఒకసారి ఒకామె ఒప్పుకుంది. ఒకసారి మా అక్కే.

"నేనేనే. ముక్కు వట్టుకున్న గని చెవులకెల్లి అచ్చింది."

"చెవులకెల్లి తుమ్ముడు నీకే చెల్లింది."

"బయటికి రానియ్. నీ చెవులు కోసి దండ కడ్త."

ఆ మాటకు లోపల ఎవరో నవ్వారు, వెంటనే నోరు మూసుకున్నారు.

అన్నం తెచ్చిచ్చేవాళ్ళు నా ఒక్కదాన్ని వదిలి మిగతా అందరికీ పెట్టుకుంటూ పోయారు. జాంగీర్ వాడి రొట్టెలో సగం నా వెనక నేల మీద పెట్టి, నన్ను చూడకుండా పోయాడు. గాలి గొట్టం బరువు పెరుగుతోంది. లోపలికి పోయేకొద్దీ ఉడుము లాగాల్సింది ఎక్కువవుతోంది. మొదట్లో ఎక్కువ నడిచి తక్కువ కూర్చునేది. ఇప్పుడు తక్కువ నడుస్తోంది.

గాలి తగ్గి లోపల దీపం వెలుగు ఎర్రబడిందని అక్క చెప్పింది. రెండు మాటలకు ఒకసారి ఆగి ఊపిరి తీసుకుంటోంది. భూమయ్య తాత తల సంపత్ ఒళ్ళో పెట్టుకున్నాడట. తాతది ముందు నుంచీ బొగ్గుదుమ్ము పట్టిన రొమ్ము.

తాత నన్ను అడిగాడని ఆయన్ని గొట్టం దగ్గరికి జరిపారు.

"ఐలవ్వా. గా ఉడుము నిజంగ ఉన్నదా? లేకపోతే గది గూడ నీ పరాచకమేనా?"

"ఉన్నది తాతా. నీ మీద ఒట్టు. తూముల సగం దాటింది."

"అస్తదా?"

"అస్తది. మీరు తుమ్మకుంటే అస్తది."

ఊపిరి కూడదీసుకుని అన్నాడు. "నాకు తుమ్మెతందుకు గూడ గాలి లేదు బిడ్డా. నా దిక్కెల్లి భయం లేదు, రమ్మను."

చిట్టా 8

తూము చివరి మలుపు దగ్గర ఉడుము ఆగింది.

మలుపు తిరిగితే అవతలి నోరు. తెర మీద ఆ పక్కనుంచి వాళ్ళ దీపం ఎరుపు కొంచెం కనపడుతోంది. అంత దగ్గర. రవళి పళ్ళ మధ్య పైట కొంగు పెట్టుకుని కొరుకుతోంది. ఉడుము లేవలేదు. ఇంతకుముందు కూర్చున్నంతసేపు కూర్చుని ఇంకా కూర్చునే ఉంది.

"అక్కా, ఎవలన్న తుమ్మిన్రా?"

ఏమీ లేదు.

"అక్కా."

"నేనే." గొంతు సంపత్‌ది. "నేనే అత్తా. గుడ్డల తుమ్మిన. చప్పుడు రాలే అనుకున్న."

"సరే బిడ్డా. ఇగ తుమ్మకు. లేస్తది."

"తాత కండ్లు మూసుకుంటుండు."

"లేస్తది. పిలువు తాతను."

పిలిచాడు. వాడు తాతను పిలవడం, మధ్యలో ఉండి ఉండి నన్ను "లేచిందా అత్తా" అని అడగడం, రెండే వినపడ్డాయి. నేను తెర వైపు చూసి, లేదు బిడ్డా, ఇప్పుడే, ఇంకొంచెం, అంటూ ఉన్నాను. కొంతసేపటికి వాడు తాతను పిలవడం మానేశాడు. కాసేపటికి నన్ను అడగడం కూడా.

ఆ తరవాతే ఉడుము లేచింది. మలుపు తిరిగింది. నెత్తి మీది దీపం వెలుగుతూ ఆరుతూ వాళ్ళ మధ్యకు పోయిందట. అక్క దాన్ని రెండు చేతులతో ఎత్తుకుందట. ఇక్కడ గాలి యంత్రం తిప్పారు. అటు నుంచి ముందు ఒకరి దగ్గు, ఆ తరవాత అందరి దగ్గులూ వచ్చాయి.

పది మంది దగ్గులు.

చిట్టా 9

తవ్వేవాళ్ళు వారం తిరగకముందే దారి చేశారు. పది మంది నడిచి వచ్చారు. తాతను తలుపు చెక్క మీద మోసుకొచ్చారు.

మా అక్క వచ్చి మొదట నన్ను కొట్టింది. రెండోసారి కొట్టబోయి చెయ్యి పైకి లేవక, నా భుజం మీదే దించింది. "అన్నం తిన్నవానే?" అంది. లేదన్నాను. "మంచిగైంది," అని తన ఇంటికే తీసుకుపోయి పెట్టింది.

సంపత్ వాళ్ళమ్మను పట్టుకుని పోయాడు. ముక్కు గుడ్డ వాడి ముఖం మీద అలాగే ఉంది.

చిట్టా 10

పోచవ్వ పొద్దున్నే జట్టు గదికి వచ్చింది. నాలుగు కాళ్ళ స్టూలు ఇస్తే కూర్చోలేదు.

"ఇంక గుడ్డ ఇప్పుతలేడు," అంది. "తింటలేడు. ముక్కు వట్టుకుని గోడ దిక్కు మర్లి కూసుంటుండు. నేనే తాతను సంపిన అంటుండు. నువ్వు కట్టిచ్చిన గుడ్డ ఐలవ్వా. నువ్వే అచ్చి ఇప్పు."

పోయాను. వాడికి ఇరవై రెండేళ్ళు. మడుల్లో బస్తా ఒంటి చేత్తో లేపేవాడు. తాత పోయిన ఈ మూడు రోజుల్లో సగమయ్యాడు. పక్కన కూర్చుని ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మొత్తం విన్నాడు.

"నన్ను ఊకుంచెతందుకు చెప్తున్నవు," అన్నాడు గుడ్డలోంచి.

"కాదు బిడ్డా. నిజం."

"నువ్వు ఎప్పుడు నిజం చెప్పినవ్ అత్తా?"

జీవితమంతా తాడు కట్టి వదిలినదాన్ని. ఒకసారి ఉత్త చేతులు చూపిస్తే తాడెక్కడుందని వెతుకుతారు. వెతకరా మరి.

తిరిగొచ్చి ఓదెలు సార్‌కు చెప్పాను. చిట్టాలో రాస్తానన్నాను. సార్ కళ్ళజోడు తీశాడు.

"గోడకు గుచ్చిన చిట్టాల అబద్ధం రాసినట్టు తేలితే జట్టుకెల్లి తీసేస్తరు ఐలవ్వగారూ. జట్టు లేకపోతే పది లేదు. పది లేకపోతే..."

"తెలుసు సార్. ఆకాశం ఏడికి పోతది. నేను పోను, గంతే."

"నేను గూడ సంతకం పెడ్త," అన్నాడు. పెట్టాడు. కింద ఉంది చూడండి. రవళిదీ, జాంగీర్‌దీ ఉన్నాయి.

ఇక ఇది బస్తీ కోసం కాదు. ఇది సంపత్ ఒక్కడి కోసం. మిగతావాళ్ళు కావాలంటే చదువుకోండి.

బిడ్డా, ఉడుము ఆగింది మోటారు వేడెక్కి. గాలి గొట్టం దాని బలానికి మించిన బరువు. కాలిపోకుండా తనంతట తనే ఆగి, చల్లారాక లేచేలా జాంగీర్ ముందే కట్టుదిట్టం చేశాడు. ఎంతసేపటికి చల్లారుతుందో, అసలు మళ్ళీ లేస్తుందో లేదో మా నలుగురికీ తెలియదు. మొదటిసారి అది కూర్చున్నప్పుడు మీరంతా లోపల దుంకులాడుతున్నారు. సార్ లెక్క తుడిచేసిన పలక నా కళ్ళ ముందుంది. మీ చేతిలో ఏమీ లేదు, మా చేతిలోనూ ఏమీ లేదు, ఊరికే కూర్చోండి అని చెబితే ఎవరు కూర్చుంటారు? నేనైతే కూర్చోను. అందుకని చేతిలో లేనిదాన్ని ముక్కులో పెట్టాను. నా మీద కోపం ఉంటే భయం తగ్గుతుందనుకున్నాను. గుడ్డ కట్టుకుంటే కదలకుండా ఉంటారనుకున్నాను. రవళి తిట్టింది నేను తిట్టమంటేనే. ఆ పిల్ల ఎంత బాగా తిట్టిందంటే, నాకే నిజమనిపించి కళ్ళల్లో నీళ్ళు వచ్చాయి. జాంగీర్ పానా విసిరింది కూడా అందుకే. సార్ గదిలో తలుపు వేసుకున్నది కోపంతో కాదు, ఆయన ముఖానికి అబద్ధం చేతకాక.

చివరి మలుపు దగ్గర అది ఆగాకనే నేను ఎవరు తుమ్మారని అడిగాను. నువ్వు తుమ్మినా తుమ్మకపోయినా అది అప్పటికే ఆగి ఉంది. రవళి తెర మీద వేడి అంకె ఎర్రగా వెలుగుతోంది, నేను దాన్ని చూస్తూనే నిన్ను అడిగాను. ఎవరూ తుమ్మలేదని అబద్ధమాడితే అయిపోయేది. నువ్వు ఆడలేదు. తాత తల నీ ఒళ్ళో ఉండగా అడిగాను, అది నా తప్పు. ఆయన పోయింది గాలి ఆలస్యమై. ఆలస్యమైంది బరువు వల్ల. నీకు దాంతో ఏ సంబంధమూ లేదు.

నమ్మవని తెలుసు. అందుకే ఉడుమును మీ ఇంటికి మోసుకొచ్చాను. ఇది రాస్తున్నది మీ గడపలో కూర్చునే. జాంగీర్ దాని పొట్ట విప్పి పరిచాడు. ప్రతి తీగా, ప్రతి మరా నీ ముందరుంది. చప్పుడు వినే వస్తువు అందులో ఎక్కడుందో చూపించమని నీకే చెప్పాడు. నువ్వింకా లేవలేదు. కానీ గోడ వైపు నుంచి తల ఇటు తిప్పావు. మీ అమ్మ అన్నం కలుపుకొచ్చి, గిన్నె నా చేతికిచ్చి నిలబడింది.

ఉడుముకు కన్నుంది, దీపముంది, చెవుల్లేవు. ఎప్పుడూ లేవు. నేను రాయగలిగింది ఆ దీపం వెలిగించడం, గుండ్రంగా తిప్పడం వరకే. తుమ్ము నియమం రాశానన్నది మొత్తం నా కల్పన.